వయసు, స్త్రీ పురుష భేదం లెక్కలోకి తీసుకుంటూ చిగుళ్ల వాపును కొలవడం

నాలుగేళ్ల పిల్లల పళ్ల మీద పాచి బాగా పేరుకున్నా చిగుళ్లు పెద్దగా ఎర్రబడవు. అంతే పాచి ఏడో నెల గర్భిణి నోట్లో ఉంటే ప్రోబ్ (చిగురును తాకి చూసే, లోతు కొలిచే గీతల సన్నని కడ్డీ) తగిలీ తగలగానే రక్తం కనిపించవచ్చు. ఏళ్ల తరబడి సిగరెట్లు కాల్చిన నడివయసు మనిషి నోట్లో ఉంటే చిగురు పాలిపోయి, గట్టిగా, బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ప్రోబ్ పెట్టినా రక్తం రాకపోవచ్చు. ముగ్గురి పాచి ఒకటే, ముగ్గురి స్కోర్లు వేరు. అందుకని చిగురు స్కోరు ఒక్కటే రాసి పెట్టుకుంటే దానితో ఏ ఇద్దరినీ పోల్చలేం. పాచి స్కోరు, దంతాల దశ, హార్మోన్ల స్థితి, మందులు, పొగాకు అలవాటు అదే రోజు అదే ఫారంలోకి ఎక్కాలి. దంతవైద్య విద్యార్థులు, సర్వేలు చేసే బృందాలు, క్లినిక్‌లో రోగులను ఏళ్ల తరబడి గమనించే డెంటిస్టులు, హైజీనిస్టులు ఈ పని ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాం.

ఏ సూచిక ఎంచుకోవాలి

ఎక్కువమంది వాడేది జింజివల్ ఇండెక్స్. 1963లో లోయె, సిల్నెస్ దీన్ని తయారుచేశారు. గర్భిణుల చిగుళ్లలో వచ్చే మార్పులను కొలవడానికే ఇది పుట్టింది. అంటే హార్మోన్ల ప్రభావాన్ని పట్టుకోవాలన్న అవసరం ఈ కొలతకు మొదటి నుంచీ ఉంది. మరుసటి ఏడాది, 1964లో, అదే ఇద్దరూ పాచిని కొలిచే ప్లాక్ ఇండెక్స్‌ను జతచేశారు. ఆ రెండింటినీ విడదీసి వాడటం వల్లే తర్వాతి కాలంలో చాలా పోలికలు దారి తప్పాయన్నది మా అభిప్రాయం.

జింజివల్ ఇండెక్స్‌లో 0 అంటే మామూలు చిగురు. రంగు కొద్దిగా మారి, కొద్దిగా ఉబ్బి, ప్రోబ్ తగిలినా రక్తం రాకపోతే 1. ఎరుపు, ఉబ్బు, నునుపైన మెరుపు ఉండి, ప్రోబ్ తగిలితే రక్తం వస్తే 2. బాగా ఎర్రబడి, ఉబ్బి, పుండు పడి, తనంతట తానే రక్తం కారే ధోరణి ఉంటే 3. 1, 2 మెట్ల మధ్య గీత రక్తమేనని గుర్తుంచుకోండి. ఎంత ఎర్రగా ఉన్నా రక్తం రాకపోతే అది 1 మాత్రమే. పొగతాగేవారి స్కోర్లు తక్కువగా రావడానికి మూలం ఇక్కడే ఉంది.

మాడిఫైడ్ జింజివల్ ఇండెక్స్ 1986లో వచ్చింది. ఇందులో ప్రోబ్ అసలు వాడరు, కంటితో చూసి 0 నుంచి 4 వరకు వేస్తారు. చిగురు అంచులోనో, పళ్ల మధ్య చిగురులోనో కొంత భాగమే స్వల్పంగా మారితే 1, ఆ భాగమంతా స్వల్పంగా మారితే 2. మెరుపు, ఎరుపు, ఉబ్బు మధ్యస్థంగా ఉంటే 3. తీవ్రంగా ఎర్రబడి ఉబ్బినా, తనంతట తాను రక్తం కారినా, పుండు ఉన్నా 4. చిన్న పిల్లలకు, రక్తం పలచబరిచే మందులు వాడేవారికి, ఒకే మనిషిని పదే పదే చూడాల్సిన పనికి ఇది మేలు. ముందు రోజు ప్రోబ్ చేసిన గాయం మరుసటి రోజు స్కోరును చెడగొట్టదు.

మూడోది రక్తస్రావం శాతం. రక్తం వచ్చిందా, లేదా అన్నది మాత్రమే రాసుకుని, వచ్చిన సైట్లను (పంటి చుట్టూ పరీక్షించే చోట్లను) మొత్తం సైట్లతో భాగిస్తారు. ఇప్పుడు అమల్లో ఉన్న 2017 అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం, ఎముక తగ్గని నోట్లో పన్నుకూ చిగురుకూ మధ్య లోతులన్నీ 3 మిల్లీమీటర్లకు మించకుండా, 10 శాతం లేదా అంతకన్నా ఎక్కువ సైట్లలో రక్తం వస్తే జింజివైటిస్ (చిగురువాపు) ఉన్నట్టు. 10 నుంచి 30 శాతం వరకు పరిమితమైనది, 30 దాటితే విస్తరించినది.

వయసుల మధ్య, స్త్రీ పురుషుల మధ్య పోలికకు ఒకే సూచిక సరిపోదు. కంటితో వేసే మాడిఫైడ్ ఇండెక్స్, రక్తస్రావం శాతం, ప్లాక్ ఇండెక్స్ మూడూ కలిపి తీసుకోండి. సమయం చాలక రెండే తీసుకోవాల్సి వస్తే మాడిఫైడ్ ఇండెక్స్, ప్లాక్ ఇండెక్స్ ఉంచుకోండి. పాచి స్కోరును మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వదలకండి.

పరికరాలు, చేతి బరువు

ప్రోబ్‌లలో రెండు రకాలు సరిపోతాయి. సర్వేలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రోబ్: కొసన 0.5 మిల్లీమీటర్ల గుండు, 3.5 నుంచి 5.5 మిల్లీమీటర్ల మధ్య నల్ల పట్టీ. క్లినిక్‌లో లోతులు కచ్చితంగా కావాలంటే యూఎన్‌సీ-15: ప్రతి మిల్లీమీటరుకూ గీత ఉంటుంది. ఒక అధ్యయనంలో మాత్రం ఒకే రకం వాడండి. కొస సన్నబడితే అదే బలం చిన్న చోట పడి ఎక్కువ గుచ్చుకుంటుంది, రక్తం అదనంగా వస్తుంది. గీతలు అరిగిన ప్రోబ్‌ను పక్కన పెట్టేయండి. వీటితోపాటు మౌత్ మిర్రర్, గాలి సిరంజి, దూది చుట్టలు, సెకన్లు చూపే టైమర్, పాచికి రంగు వేసే ద్రావణం కావాలి. పరికరాలను ఆటోక్లేవ్‌లో (ఆవిరి వేడితో క్రిములను చంపే యంత్రంలో) 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 15 నిమిషాలు, లేదా 134 డిగ్రీల దగ్గర కనీసం 3 నిమిషాలు ఉంచాలి. ఆ వేడి అందుకున్న తర్వాతి నుంచే ఈ సమయం లెక్క.

వెలుతురును చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పసుపు బల్బు కింద లేత ఎరుపు మామూలు రంగులా కనిపిస్తుంది. అందరినీ ఒకే తెల్లని హెడ్‌ల్యాంపుతో, ఒకే దూరం నుంచి చూడండి. పొద్దున కిటికీ వెలుగులో పిల్లలనూ, సాయంత్రం దీపం కింద పెద్దలనూ చూస్తే మీరు కొలిచింది వయసు తేడాను కాదు, వెలుతురు తేడాను.

ఇక చేతి బరువు. ప్రోబ్ మీద పెట్టాల్సిన బలం 0.25 న్యూటన్లు, అంటే సుమారు 25 గ్రాములు. అంతకన్నా గట్టిగా నొక్కితే ఆరోగ్యంగా ఉన్న చిగురు కూడా గాయపడి రక్తమిస్తుంది. దీన్ని నేర్చుకోవడానికి ఒక గ్రాము తేడాను చూపే డిజిటల్ తూకం తీసుకోండి. చేతి వేలికి ఆసరా ఇచ్చి, ప్రోబ్ కొసను తూకం మీద నిలువుగా ఆనించి, అంకె చూడకుండా నొక్కి, తర్వాత చూడండి. వరసగా పదిసార్లు 20 నుంచి 25 మధ్య వచ్చేదాకా సాధన చేయండి. రోజూ పని మొదలుపెట్టే ముందు అయిదు సార్లు, మధ్యాహ్న విరామం తర్వాత మళ్లీ అయిదు సార్లు సరిచూసుకోండి. అలసిన చెయ్యి తెలియకుండానే బరువెక్కుతుంది. తూకం లేనిచోట ప్రోబ్ కొసను బొటనవేలి గోరు కింద ఆనించి, గోరు కింది చర్మం తెల్లబడేంత మేరకే నొక్కి చూసుకోవడం పాత ఉపాయం. నొప్పి కలిగితే బలం ఎక్కువైనట్టే.

ప్రోబ్ ఎక్కడిదాకా పోవాలన్నది కూడా ముందే తేల్చుకోండి. పన్నుకు సమాంతరంగా పట్టి అడుగు దాకా దింపితే వచ్చే రక్తం లోపలి వాపును చూపుతుంది. పన్ను నిలువు గీతకు సుమారు 60 డిగ్రీల వంపులో పట్టి, అంచు లోపల ఒకటి రెండు మిల్లీమీటర్లలో మెల్లగా జరిపితే అంచు వాపు తెలుస్తుంది. జింజివైటిస్ మొదలయ్యేది అంచులో. పిల్లల్లో, యువతలో వాపును పోల్చాలంటే అంచు పద్ధతే తగినది. పెద్దల్లో లోతు కూడా కొలవాలి, లేకపోతే ఎముక కరిగే పెరియోడాంటైటిస్‌ను చిగురువాపుగా లెక్కేస్తారు. రెండు పద్ధతుల అంకెలను ఒకే గడిలో కలపకూడదు.

కుర్చీ దగ్గర వరస

ముందు ప్రశ్నలు. గుండెకు కృత్రిమ కవాటం ఉన్నా, గతంలో ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్) వచ్చినా ప్రోబ్ పెట్టే ముందు వైద్యుడి సలహా, అవసరమైతే యాంటీబయాటిక్ రక్షణ తప్పనిసరి. ఇలాంటివారిని సర్వేలో కంటిచూపు స్కోరుతో సరిపెట్టడం సురక్షితం. రక్తం గడ్డకట్టే లోపాలు, మధుమేహం, వాడుతున్న ప్రతి మందు పేరు, పొగాకు రకం, రోజుకు ఎంత అన్నవి రాసుకోండి. మైనర్లకు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉండాలి. చివరిసారి ఎప్పుడు బ్రష్ చేశారో అడగండి. గట్టిగా బ్రష్ చేసిన వెంటనే చూస్తే పాచి తక్కువ, గీరుకుపోయిన చిగురు ఎక్కువ కనిపిస్తుంది. అందరికీ ఒకే సూచన ఇవ్వండి: పరీక్షకు ముందు రాత్రి బ్రష్ చేసి, ఆ ఉదయం బ్రష్ చేయకుండా రావాలి.

చిగురు ద్రవాన్ని (చిగురు అంచు లోపలి నుంచి ఊరే ద్రవాన్ని) కొలిచే ప్రణాళిక ఉంటే అది అన్నిటికన్నా ముందు. దూదితో పంటిని ఆరబెట్టి, కాగితపు పట్టీని చిగురు అంచులో 30 సెకన్లు ఉంచి తీస్తారు. రక్తపు చాయ గానీ లాలాజలం తడి గానీ కనిపిస్తే ఆ పట్టీ పనికిరాదు, పారేయాలి.

తర్వాత దూది పెట్టి, మెల్లగా గాలి ఊది, కంటిచూపు స్కోరు వేయండి. ఉమ్మి తడి మెరుపు, వాపు మెరుపు ఒకేలా ఉంటాయి, అందుకే ఆరబెట్టకుండా చూడకూడదు. ఆ పైన రక్తస్రావం. ఒక క్వాడ్రంట్‌లో (నోటిలో నాలుగో వంతు భాగంలో) బయటి వైపు సైట్లన్నీ వరసగా ప్రోబ్ చేసి, మొదటి సైటుకు తిరిగి వచ్చి రాసుకోండి. ఎంత సమయంలో చూడాలన్నది ముందే నిర్ణయించండి: 10 సెకన్లంటే అందరికీ 10, 30 అంటే అందరికీ 30. కింది పళ్ల లోపలి వైపు లాలాజలం రక్తాన్ని కడిగేస్తుంది. అక్కడ దూది మార్చి, రెండు మూడు పళ్ల చొప్పున చిన్న ముక్కలుగా చూసుకుంటూ వెళ్లాలి.

పాచి రంగు ద్రావణం చివరికి. ముందు వేస్తే చిగురు రంగు మారిపోతుంది, ఆ రోజు ఎరుపును నమ్మలేరు. ప్లాక్ ఇండెక్స్‌లో పాచి లేకపోతే 0, ప్రోబ్‌తో గీస్తేనే పలచగా దొరికితే 1, కంటికి కనిపిస్తే 2, దట్టంగా పేరుకుంటే 3. ఇది రంగు వేయకుండా వేసే స్కోరు కాబట్టి ద్రావణం వేయకముందే పూర్తి చేయండి. రంగు ఫోటోలకూ, పాచి ఉన్న పళ్ల శాతానికీ పనికొస్తుంది.

ఏ పళ్లు? సమయం ఉంటే జ్ఞానదంతాలు వదిలి అన్నీ, పంటికి ఆరు సైట్లు. 28 పళ్లుంటే 168 సైట్లు. సర్వేకి ఆరు సూచక దంతాలు చాలు: 16, 12, 24, 36, 32, 44 (మొదటి అంకె నోటి భాగం, రెండోది మధ్య నుంచి పన్ను వరస). పంటికి నాలుగు సైట్లు. పాలపళ్లకు వాటి స్థానాల్లోని 55, 52, 64, 75, 72, 84 తీసుకోవచ్చు. లేని పంటికి బదులు ఏది చూడాలో కుర్చీ దగ్గర నిర్ణయించకండి, ముందే రాసిపెట్టుకోండి.

పిల్లలు

పాలపళ్ల దశలో మామూలు చిగురే పెద్దల చిగురుకన్నా ఎర్రగా ఉంటుంది. పైపొర పలచన, కెరటిన్ తక్కువ, కింది రక్తనాళాలు తొంగి చూస్తాయి. అంచు కత్తిలా పదునుగా కాక గుండ్రంగా, కాస్త వదులుగా ఉంటుంది. నారింజ తొక్క మీది గుంటల్లాంటి చుక్కలు తక్కువ. పెద్దల చిగురు చూసి అలవాటైన పరీక్షకులు వీటన్నిటికీ 1 వేసేస్తారు. విరుగుడు ఒక్కటే: పని మొదలుపెట్టే ముందు పాచి లేని పాలపళ్ల నోళ్లను కనీసం పది చూసి, ఆ వయసు 0 ఎలా ఉంటుందో కంటికి అలవాటు చేసుకోవాలి. పళ్ల మధ్య సందులున్న చోట చిగురు కోణంగా కాకుండా జీనులా వంగి ఉంటుంది. అది లోపం కాదు.

మూడేళ్లలోపు పిల్లలకు ప్రోబ్ వద్దు. తల్లి, పరీక్షకుడు మోకాళ్లు ఆనించి ఎదురెదురుగా కూర్చుని, బిడ్డ తలను పరీక్షకుడి ఒళ్లో ఉంచి కంటితో చూడాలి.

ఆరు నుంచి పదమూడేళ్ల మధ్య పళ్లు మారే దశ అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లకు చోటిస్తుంది. సగం వచ్చిన పన్ను చుట్టూ చిగురు ఉబ్బి ఎర్రగా ఉంటుంది, దాని కింద లోతు 4, 5 మిల్లీమీటర్లు కూడా రావచ్చు. అది ఎముక నష్టం కాదు, ఇంకా వెనక్కి జరగని చిగురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో 15 ఏళ్లలోపు వారికి పాకెట్ (పన్నుకూ చిగురుకూ మధ్య సందు) లోతులు రాయకపోవడానికి కారణం ఇదే. కొరికే తలానికి చేరని పన్నునూ, ఊగుతున్న పాలపన్నునూ లెక్క నుంచి తీసేయండి. నోటితో గాలి పీల్చే పిల్లల్లో పై ముందు పళ్ల బయటి చిగురు ఆరిపోయి ఎర్రగా మెరుస్తుంది. పెదవులు మూసే తీరు చూసి, ఉంటే ఫారంలో గుర్తుపెట్టండి. బ్రేసులుంటే వేరే గుంపుగా ఉంచండి.

యుక్తవయసు

రజస్వల అయ్యే వయసు చుట్టూ పాచికి తగినదానికన్నా ఎక్కువ వాపు వస్తుంది. అబ్బాయిల్లోనూ వస్తుంది, కాకపోతే అమ్మాయిల్లో సుమారు ఏడాది, రెండేళ్లు ముందు. పన్నెండేళ్ల అమ్మాయిలను పన్నెండేళ్ల అబ్బాయిలతో పోలిస్తే పుట్టినరోజులు సమానమే గానీ శరీర దశలు సమానం కావు. అమ్మాయిల స్కోరు ఎక్కువ వస్తే "ఆడపిల్లల్లో వాపు ఎక్కువ" అని రాసేస్తారు. రెండేళ్ల తర్వాత అదే గుంపును చూస్తే బొమ్మ తిరగబడవచ్చు. కాబట్టి 12 దగ్గర ఒక్కసారి కొలిచి ఆగకండి. కుదిరితే 10 నుంచి 16 వరకు ఏడాదికొకసారి కొలవండి. కుదరకపోతే అమ్మాయిలకు మొదటి నెలసరి వచ్చిందా, వచ్చి ఎన్నాళ్లయింది, అబ్బాయిలకు గొంతు మారిందా అన్న రెండు ప్రశ్నలైనా అడగండి. అమ్మాయిలను మహిళే, తరగతి గదికి దూరంగా, ఒంటరిగా అడగాలి. పదిమందిలో అడిగితే వచ్చే జవాబు మీ పట్టికను పాడుచేస్తుంది, ఆ పిల్ల మనసును అంతకన్నా ఎక్కువ నొప్పిస్తుంది.

స్త్రీలు

నెలసరి చక్రంలో అండం విడుదలయ్యే రోజుల్లో చిగురు ద్రవం పెరుగుతుంది. ఇప్పటికే వాపు ఉన్నవారిలోనే ఈ మార్పు గమనించదగినంతగా ఉంటుంది. చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్నవారిలో తేడా దాదాపు కనిపించదు. ఒకే స్త్రీని రెండుసార్లు చూడాలంటే చక్రంలో ఒకే దశలో పిలవండి, నెలసరి ఆగిన తర్వాతి కొద్ది రోజులు వీలైనవి. సర్వేలో అలా కుదరదు కనుక నెలసరి మొదటి రోజు తేదీ రాసుకోండి, విశ్లేషణలో పనికొస్తుంది. గర్భనిరోధక మాత్రలు, ఇతర హార్మోన్ మందుల పేరు, మోతాదు రాయండి. పాత కాలపు ఎక్కువ మోతాదు మాత్రలకు చిగుళ్ల మీద ఉన్న ప్రభావం ఇప్పటి తక్కువ మోతాదు మాత్రలకు ఉండదు, కాబట్టి "మాత్రలు వాడుతున్నారు" అన్న ఒక్క గుర్తు చాలదు.

గర్భంలో వాపు రెండో నెల నుంచి పెరుగుతూ ఎనిమిదో నెలకు పతాక స్థాయికి చేరి, తొమ్మిదో నెలలో తగ్గుతుంది. కాన్పు తర్వాత దాదాపు రెండో నెల స్థాయికి వస్తుంది. పాచి పెరగకపోయినా ఈ ఆటుపోట్లు ఉంటాయి. అందుకని "గర్భిణి: అవును" అని రాస్తే దేనికీ పనికిరాదు, ఎన్నో వారమో రాయాలి. మూడో నెల గర్భిణినీ ఎనిమిదో నెల గర్భిణినీ ఒకే గుంపులో వేసి సగటు తీస్తే ఆ సగటు ఎవరిదీ కాదు.

పరీక్షలో రెండు జాగ్రత్తలు. ఇరవయ్యో వారం దాటినవారిని వెల్లకిలా పూర్తిగా పడుకోబెట్టకండి. గర్భసంచి బరువు పెద్ద సిరను నొక్కి రక్తపోటు పడిపోతుంది. కుడి తుంటి కింద చిన్న దిండు పెట్టి ఎడమవైపు కొద్దిగా ఒరిగేలా చేసి, కుర్చీ తలవైపు ఎత్తండి. మొదటి మూడు నెలల్లో వికారం ఉంటుంది కనుక మిర్రర్‌ను నాలుక వెనక్కి పోనివ్వకుండా, వెనక దవడ పళ్లను చివరికి ఉంచుకోండి. పళ్ల మధ్య ఎర్రటి గడ్డలా పెరిగిన గర్భకాలపు కణితి కనిపిస్తే దాన్ని సగటులో కలపకండి. ఆ సైటును వదిలి, కణితి స్థానం, పరిమాణం విడిగా రాసుకోండి.

నెలసరి ఆగిపోయిన వయసులో కొందరికి చిగురు పలచబడి, ఆరిపోయి, మంటపుడుతుంది. పొర ఊడినట్టున్న ఎర్రటి చిగురు కనిపిస్తే అది పాచి వల్ల వచ్చిన వాపు కాకపోవచ్చు. లైకెన్ ప్లానస్ వంటి చర్మ సంబంధ జబ్బులు నడివయసు స్త్రీలలో ఎక్కువ. గుర్తు ఏమిటంటే ఎరుపు అంచుతో ఆగదు, కిందికి పాకుతుంది. పక్కనే తెల్లని గీతల అల్లిక ఉండవచ్చు. దానికి స్కోరు వేయడం మాని నిపుణుడి దగ్గరికి పంపండి.

పురుషులు

మగవారిలో సగటున పాచి, గార ఎక్కువ, డెంటిస్ట్ దగ్గరికి వెళ్లడం తక్కువ. చాలా సర్వేల్లో మగవారి చిగురు స్కోరు ఎక్కువ రావడానికి మొదటి కారణం ఇదే. పాచి తేడాను సర్దుబాటు చేయకుండా "పురుషుల చిగుళ్లు బలహీనం" అని చెప్పడం తప్పు.

పొగ రెండో అడ్డంకి. పొగతాగేవారిలో చిగురు రక్తస్రావం అణగిపోతుంది, లోపల ఎముక నష్టం మాత్రం ఎక్కువగా జరుగుతుంటుంది. మానేసిన కొన్ని వారాల్లో రక్తం కనిపించడం పెరుగుతుంది. అది చిగురు చెడిందనడానికి గుర్తు కాదు, కోలుకుంటోందని. ఈ సంగతి ముందే చెప్పకపోతే భయపడి మళ్లీ సిగరెట్ అందుకునేవారుంటారు. పొగతాగేవారి గుంపులో రక్తస్రావం శాతంతో పాటు పాకెట్ లోతు తప్పక కొలవండి, వారిని పొగతాగనివారితో కలిపి సగటు తీయకండి. నమిలే పొగాకు పెట్టుకునే చోట చిగురు కిందికి జారి, తెల్లని మచ్చలు ఉండవచ్చు. ఆ చోటును విడిగా గుర్తించండి.

పెద్ద వయసు

వృద్ధుల్లో అదే పాచికి యువకులకన్నా వేగంగా, ఎక్కువగా వాపు వస్తుంది. పైగా పళ్లు తక్కువ, చిగురు జారి వేళ్లు బయటపడి ఉంటాయి. ఎముక తగ్గినా ఇప్పుడు స్థిరంగా ఉన్న నోట్లో కూడా అంచు వాపు ఉండగలదు కాబట్టి లోతుతో పాటు చిగురు ఎంత జారిందో కొలవండి.

మందుల జాబితా చూడకుండా ప్రోబ్ పెట్టకండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వాడేవారిలో రక్తం తేలిగ్గా వస్తుంది, వీరికి మాడిఫైడ్ ఇండెక్స్‌నే నమ్మండి. అమ్లోడిపిన్, నిఫెడిపిన్, ఫెనిటోయిన్, సైక్లోస్పోరిన్ చిగురును గుబ్బల్లా పెంచుతాయి. ఆ పెరుగుదల గట్టిగా, లేతరంగులో ఉంటే మందు వల్ల వచ్చినది. దాని మీద ఎరుపు, మెత్తదనం ఉంటే పాచి వాపు తోడైనట్టు. సైజు చూసి స్కోరు పెంచకండి. నోరు ఆరిపోయేవారికి మిర్రర్ బుగ్గకు అంటుకుని గీరుకుంటుంది, దాన్ని నీటితో తడిపి లోపలికి పెట్టాలి.

నల్లని చిగురు

మెలనిన్ ఎక్కువున్న చిగుళ్లలో ఎరుపు దాగిపోతుంది. ఏ వయసులోనైనా ఇది పరీక్షకుడిని తప్పుదారి పట్టిస్తుంది. ఇలాంటప్పుడు అంచు ఆకారం, ఉబ్బు, మెరుపు, చుక్కలు పోవడం చూడండి. నల్లరంగు సాధారణంగా అంటుకుని ఉండే చిగురులో చిక్కగా, అంచులో పలచగా ఉంటుంది, కనుక రంగును ఆ సన్నని అంచులోనే వెతకండి.

లెక్క

ఆరు పళ్లు, పంటికి నాలుగు సైట్లు, మొత్తం 24. స్కోర్ల మొత్తం 31 అనుకుంటే 31ని 24తో భాగిస్తే 1.29. జింజివల్ ఇండెక్స్‌లో 0.1 నుంచి 1.0 స్వల్పం, 1.1 నుంచి 2.0 మధ్యస్థం, 2.1 నుంచి 3.0 తీవ్రం. కనుక ఇది మధ్యస్థం. రక్తస్రావం 168 సైట్లలో 42 అయితే 25 శాతం, పరిమితమైన జింజివైటిస్. పన్ను లేని సైటుకు సున్నా వేయకండి, భాజకం నుంచే తీసేయండి. వృద్ధుల లెక్కల్లో మేము ఎక్కువగా చూసే తప్పు ఇది. పదహారు పళ్లున్నవారికి 28 పళ్ల భాజకం వాడితే రక్తస్రావం శాతం దాదాపు సగానికి పడిపోతుంది.

ఒక్క సగటుతో ఆగకండి. అన్ని సైట్లూ 1 ఉన్న నోరు, సగం 0 సగం 2 ఉన్న నోరు రెండిటి సగటూ 1.0. మొదటిదానిలో రక్తమే లేదు, రెండోదానిలో సగం నోరు రక్తమిస్తోంది. సగటు పక్కన 2, 3 స్కోర్లున్న సైట్ల శాతం రాయండి.

పోలికలో యూనిట్ మనిషి, సైటు కాదు. వందమంది నోళ్లలోని 16,800 సైట్లను విడివిడి వ్యక్తుల్లా లెక్కపెడితే లేని తేడాలు కూడా గణాంకాల్లో రుజువైనట్టు కనిపిస్తాయి. ఒక నోట్లోని సైట్లు ఒకదానినొకటి పోలి ఉంటాయి. మనిషికొక అంకె తీయండి, లేదా ఆ పోలికను లెక్కించే మల్టీలెవెల్ పద్ధతి వాడండి.

పాచిని సర్దుబాటు చేయడం ఎందుకో ఊహించిన అంకెలతో చూద్దాం. పదిహేనేళ్ల అబ్బాయిల చిగురు స్కోరు 1.4, పాచి 1.6. అమ్మాయిల చిగురు 1.2, పాచి 1.1. పైకి అబ్బాయిలదే ఎక్కువ. ఇప్పుడు పాచి 1.0 నుంచి 1.5 మధ్య ఉన్నవారిని మాత్రమే తీస్తే అబ్బాయిలు 1.10, అమ్మాయిలు 1.25 అనుకోండి. అప్పుడు అర్థం మారిపోయింది: అబ్బాయిలకు బ్రషింగ్ నేర్పాలి, అమ్మాయిల్లో అదే పాచికి స్పందన ఎందుకు ఎక్కువో చూడాలి. నివేదికలో సర్దుబాటు ముందరి అంకె, తర్వాతి అంకె రెండూ ఇవ్వండి.

పరీక్షకుల పొందిక

ఇద్దరు పరీక్షకులుంటే ఒకరు అందరు పిల్లలనూ, ఇంకొకరు అందరు పెద్దలనూ చూడకూడదు. మగవారిని ఒకరు, స్త్రీలను ఒకరు చూడటమూ అంతే. తేడా వచ్చినా అది వయసుదో, పరీక్షకుడిదో ఎప్పటికీ తేలదు. స్త్రీలను మహిళా పరీక్షకులే చూడాల్సిన చోట, అదే మహిళ కొందరు పురుషులనో, కనీసం ఫోటోలనో కూడా స్కోరు చేసి పొందిక చూపాలి.

మొదలుపెట్టే ముందు ఇరవై మందినైనా అన్ని వయసుల నుంచి తీసుకుని ఇద్దరూ విడివిడిగా స్కోరు వేయండి. వరస స్కోర్లకు వెయిటెడ్ కప్పా (ఇద్దరి స్కోర్లు ఎంత కలిశాయో చూపే అంకె) లెక్కించండి. 0.6 కన్నా తక్కువొస్తే ఫోటోలు ముందేసుకుని 1, 2ల మధ్య గీత గురించి మాట్లాడుకుని మళ్లీ చేయాలి. 0.8 దాటితే మొదలుపెట్టవచ్చు. పని నడుస్తుండగా 5 నుంచి 10 శాతం మందిని రెండోసారి చూడండి. రక్తస్రావానికి మాత్రం ఈ పద్ధతి తేలిగ్గా కుదరదు. మొదటి ప్రోబింగే చిగురును కదిలిస్తుంది, గంట తర్వాత అదే సైటు వేరే జవాబిస్తుంది. అందుకని ఒక పరీక్షకుడు కుడివైపు, మరొకరు ఎడమవైపు చూసి పోల్చడం, లేదా తూకం మీద చేతి బరువును సరిపోల్చడం నయం.

లెక్కకు అందని చిగురు

పాచి పెద్దగా లేకుండా చిగుళ్లు ఉబ్బి, ఊదారంగుకు తిరిగి, తనంతట తానే రక్తం కారుతుంటే, దానితో జ్వరం, పాలిపోవడం, ఒంటి మీద కమిలిన మచ్చలు ఉంటే రక్త పరీక్షకు ఆ రోజే పంపండి. ల్యుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లల్లోనూ పెద్దల్లోనూ ఇలా చిగుళ్లలో మొదట కనిపించగలదు. పళ్ల మధ్య చిగురు కొసలు గుంటలు పడి, బూడిదరంగు పొరతో, విపరీతమైన నొప్పి, దుర్వాసనతో ఉంటే అది నెక్రోటైజింగ్ జింజివైటిస్ (చిగురు కణజాలం చచ్చిపోయే వాపు), దానికి వెంటనే చికిత్స కావాలి. నెలలుగా తగ్గని పుండు, ఒక్క పన్ను దగ్గరే పెరుగుతున్న గడ్డ బయాప్సీకి వెళ్లాలి. ఇలాంటి నోటికి స్కోరు గడి ఖాళీగా వదిలి, పక్కన కారణం, ఎవరి దగ్గరికి పంపారో, ఏ తేదీన పంపారో రాయండి. వారం తర్వాత ఫోన్ చేసి వెళ్లారో లేదో కనుక్కోండి.